జానెడు

పీణ్యలో, మెట్రో పట్టాల నీడ
మధ్యాహ్నం దాటాక మా రేకుల మీద వాలే చోట,
వాల్వులకు బెజ్జాలు వేసే కంపెనీ.
నేను సూపర్‌వైజరుగా చేరిన రోజు
గోడకు ఎర్ర పెట్టె ఒకటి ఉంది.
మూడు భాషల్లో ‘సలహాలు’ అని. ఇత్తడి తాళం.
తాళంచెవి ఎవరి దగ్గరుందంటే
అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

వారం ఆగి రుద్రముని సుత్తి తెచ్చాడు.
రెండు దెబ్బలు.
లోపల పదిహేడు చీటీలు, బల్లి గుడ్డు పెంకు,
ఎవరిదో బస్సు టిక్కెట్టు.
కన్నడం, హిందీ, తమిళం. మా మడకశిర మాటల్లో ఒకటి:
“సార్, బల్బు నా వీపెనక ఉండాది.
నా నీడే నా పని మీద పడతాది.
జానెడు ఎడమకు జరిపితే సాలు.
ఇట్లు, ఓబులప్ప, మూడో డ్రిల్లు.”
తేదీ నాలుగేళ్ళ కిందటిది.

ఓబులప్ప ఎవరయ్యా?
కళ్ళు ఆనడం లేదని, బెజ్జాలు వంకర పోతున్నాయని
లెక్క చూసి ఇంటికి పంపేసిన మనిషి.

బల్బు జరిపాం.
పది నిమిషాల పని,
అందులో ఏడు నిమిషాలు నిచ్చెన వెతకడానికే.
ఆ నెల మూడో డ్రిల్లు పక్కన తుక్కు తొట్టి
సగం కూడా నిండలేదు.
పుట్టలింగమ్మ చీపురు ఆపి, పైకి చూసి
“ఇష్టేనా?” అంది.
అంతే, అన్నాను.
అంతే అనడానికి నాకు సిగ్గేసింది.

పెట్టె తీసేసి పలక తగిలించాం.
చెక్క చట్రం బడిపలక, యశవంతపురలో కొన్నది.
పొద్దున రాసినదానికి
సాయంత్రం సైరన్‌లోగా కింద జవాబు ఉండాలి.
చేస్తాం అనో, కుదరదు ఇందుకని అనో.
ధనేశ్వర్ రాశాడు: పానాలకు గోడ మీద చోటు.
ఒక్కోదాని చుట్టూ సుద్దతో గీత గీశాం.
పన్నెండో నంబరు లేని రోజు
గోడ పన్ను ఊడిన నోరులా కనిపించేది.
రాయడం రాని పుట్టలింగమ్మ
ఒక పాదం గీసింది, కింద చుక్కలు.
రెండు రోజులు అది ముగ్గనుకున్నాం.
మూడో రోజు కూలెంటు మడుగులో
నేనే జారి పడ్డాను.
వాషరు ఖరీదు పద్దెనిమిది రూపాయలు.

తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు.
మనిషికి నెలకు రెండు సలహాలు, లేదా బోనస్‌లో కోత.
నలభై మందిమి, ఎనభై సలహాలు.
గోడకు నీలం వేయాలి.
గోడకు పచ్చ వేయాలి.
నీలం వేసుంటే గీకేయాలి.
ఆయన వాటితో గ్రాఫు గీయించాడు, బాగా పైకి వెళ్ళింది.
ఆర్నెల్లకు ఆయనా వెళ్ళాడు, హోసూరుకు.

దసరా ఆర్డర్లు మీద పడ్డాయి.
ధనేశ్వర్ పలక మీద రాశాడు: గార్డు వణుకుతోంది.
చదివాను. రేపు అనుకున్నాను.
పన్నెండో రోజు పలక ఖాళీ.
ఎవరు తుడిచారని అడగలేదు,
అతని మోచేతికి సుద్ద అంటుకుని ఉంది.

అందరూ చూస్తుండగా
అతని వాక్యం నేనే మళ్ళీ రాశాను,
నా వంకర హిందీలో.
కింద: పదకొండు రోజులు ఆలస్యం, తప్పు నాది.
ఈ పూటే నట్టు మారుస్తాం.
అతను చదివి ఏమీ అనలేదు.
నా చేతిలో సుద్దముక్క తీసుకుని
‘నట్టు’కి గుణింతం దిద్దాడు.

ఆ రాత్రి రుద్రముని దగ్గర నంబరు తీసుకుని
మడకశిరకు ఫోన్ చేశాను.
ఓబులప్పా, నీ బల్బు జరిపినాం.
అవతల చాలాసేపు ఏదో మేక అరుపు.
“ఏ పక్కకు?”
ఎడమకే.
“ఎంత?”
జానెడు.
“ఎవురి జాన సార్?
నాది పెద్ద చెయ్యి.
ఇంకా రెండేళ్ళు జరపల్ల.”

లేచాను.
నిచ్చెన ఎక్కడా వెతకలేదు.
గోడకు సుద్దతో గీసిన దాని నీడలో
అది నిలబడి ఉంది.